చెమటవాటా

రెండో మలుపు తిరిగేసరికి రాహేలు మణికట్టు మీది నాడికంకణం రెండుసార్లు గిల్లింది. నాడి నూట ఎనిమిది. నూట ఇరవై ఉండాలి. ముందు పరుగెడుతున్న పదకొండు మంది వీపులూ పొద్దుటి మంచులో మసకగా ఊగుతున్నాయి. ఒకరి భుజాన గడ్డపార, ఒకరి చంకలో చీపురుకట్ట, ఇంకొకరి వీపున బియ్యం సంచి. రాహేలు భుజం మీద పార. అడుగు పడ్డప్పుడల్లా దాని కర్ర మెడ ఎముకను తడుతోంది.

"అంగలు పెంచు రాహేలమ్మా! నిన్న కూడా ఆఖర్నే వచ్చావు," అని జట్టుపెద్ద వీరబ్రహ్మం వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

"నువ్వు ముందుండబట్టేగా నేను ఆఖరయ్యేది. ఒక్కరోజు నువ్వు రా అన్నా వెనక," అంది రాహేలు. ఆ నాలుగు మాటలకే ఊపిరి చాల్లేదు.

గోగులపాడులో ఇరవై ఏళ్ళ కిందట పరుగుసాయం మొదలైనప్పుడు అది నిజంగా ఇష్టమున్నవాళ్ళు చేసిన పనే. ఒళ్ళు కదలక ఊరు ఊరంతా చక్కెర జబ్బు పాలైన రోజులవి. ఉత్తినే పరుగెత్తే బదులు, పరుగెత్తుకుంటూ వెళ్ళి ఎవరో ముసలామె పెరట్లో కలుపు పీకి రావచ్చు గదా అని ఒకరన్నారు. బాగానే ఉందనుకున్నారు. తర్వాత నాడికంకణం వచ్చింది. ఎవరి ఒంటికి ఎంత కదలిక కావాలో, ఏ ఇంట్లో ఏ పని మిగిలిందో రెండిటినీ ముడివేసే సమన్వయిని అనే యంత్రం వచ్చింది. జనం దాన్ని బుర్ర అన్నారు. బుర్ర మనిషికింత అని చెమటవాటా కట్టింది. నెలలో మూడుసార్లు వాటా తప్పితే ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి భరోసా ఆగిపోతుంది. కాయితాల్లో మాత్రం ఇప్పటికీ వీళ్ళు స్వచ్ఛంద సేవకులే.

రాహేలుకు నలభై ఒకటి. మిరపకాయల శీతల గిడ్డంగిలో, కదిలే బెల్టు ముందు రోజుకు పది గంటలు నిలబడి తాలుకాయలు ఏరుతుంది. ఎత్తేవీ మోసేవీ యంత్రాలే. పది గంటలు నిలబడ్డా నాడి డెబ్బై దాటదు కాబట్టి, కంకణం దృష్టిలో ఆమె పొద్దస్తమానం ఖాళీగా ఉన్నట్టే. అరికాళ్ళలో సూదులు దిగినట్టుండే నొప్పిని కొలిచే సాధనం దానికి లేదు.

ఆ రోజు ఆమెకు పడ్డ ఇల్లు ఏడో వీధి చివర్లో ఉంది. పక్క కాలవలో పూడిక తీయాలి. నలభై నిమిషాల పని. ఇంటామె పేరు మస్తానమ్మ, వయసు డెబ్బై నాలుగు.

డెబ్బై దాటినవాళ్ళంతా విశ్రాంతులు. వాళ్ళ చేతికి ఆకుపచ్చ పట్టీ ఉంటుంది, నెమ్మదికంకణం. నాడి తొంభై దాటిందంటే చాలు, దగ్గర్లో పరుగుసాయం చేస్తున్న పరుగరి ఎవరో ఐదు నిమిషాల్లో వచ్చి చేతిలో చీపురు సుతారంగా లాగేసుకుంటారు. మస్తానమ్మ ఒకప్పుడు మిరప చేలల్లో నలభై మంది ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. ఆమె కేకేస్తే రెండు పొలాల అవతల వినిపించేదట. ఇప్పుడు నాలుగేళ్ళుగా నులక మంచం మీద కూర్చుని, తన ఇంటి పని పరాయివాళ్ళు చేసిపోతుంటే చూస్తోంది.

"మంచినీళ్ళు తాగుతావా?" అని అడిగింది.

"వద్దు పెద్దమ్మా. ఆగితే నాడి పడిపోద్ది."

"అందరిదీ అదే మాట. ఈ గడపలో నాలుగేళ్ళుగా ఒక్కరూ గుక్కెడు నీళ్ళు ముట్టలా. నేనేమన్నా మందు కలుపుతన్నానా?"

రాహేలు రెండు పారలు ఎత్తిపోసింది. మూడోది బురదలో దించి, కర్రకు నుదురు ఆనించి, ఒక్క క్షణం అనుకుని కళ్ళు మూసింది. కంకణం గిల్లింది. మళ్ళీ గిల్లింది. ఆమె కదల్లేదు.

మస్తానమ్మ మంచం దిగి వచ్చింది. "పార పట్టుకుని నిలువునా నిద్రపోయేదాన్ని ఇప్పుడే చూస్తన్నా. నా ముఠాలో అయితే మొకాన నీళ్ళు కొట్టేదాన్ని."

"కొట్టు పెద్దమ్మా. నీకు పుణ్యముంటది."

ముసలామె నీళ్ళు కొట్టలేదు. రాహేలు చెయ్యి పట్టుకుని నాడికంకణం విప్పింది, తన చేతికి కట్టుకుంది. తన ఆకుపచ్చ పట్టీ తీసి రాహేలు చేతికి చుట్టింది. అంతా పది లెక్కపెట్టేలోగా అయిపోయింది. "పో, ఆ మంచం మీద పడు. అడ్డం లెగు."

కంకణం తయారుచేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. కుక్కకు కట్టినా, ఫ్యానుకు కట్టినా పట్టేస్తుంది. పొద్దున బొటనవేలి ముద్ర తీసుకుని, ఆ తర్వాత మనిషి నాడి ఆగకుండా కొట్టుకుంటున్నంతసేపూ నమ్ముతుంది. చెమటకు జారే పట్టీని సర్దుకోవడానికి పదిహేను లెక్కల వెసులుబాటు ఇచ్చారు. ఇంకో మనిషికి కడతారేమో అన్న భయం వాళ్ళకు లేదు. ఎవరి వాటా వాళ్ళకే తలకు మించినప్పుడు పక్కవాడిది ఎవడు నెత్తిన వేసుకుంటాడు? పని ఎగ్గొట్టేవాళ్ళ కోసం అన్ని తాళాలు వేశారు గానీ, పని కోసం చెయ్యి చాపేవాళ్ళు ఉంటారని ఒక్కరికీ తోచలేదు.

రాహేలు లేచేసరికి కాలవ అద్దంలా ఉంది. అడుగు ఒక్క తీరుగా చదునైంది, అంచులు నూలు పట్టి కోసినట్టున్నాయి. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మోచేతుల దాకా బురదతో, మస్తానమ్మ మట్టి కుప్ప మీద కూర్చుని ఉంది. ముఖం కందగడ్డలా ఉంది. కళ్ళు మాత్రం ఇరవై ఏళ్ళ వెనక్కి వెళ్ళినట్టు మెరుస్తున్నాయి.

"లెగు. నీ వాటా అయిపోయింది. రేపు కూడా రా," అంటూ పట్టీలు మళ్ళీ మార్చేసింది.

ఆ ఇంట్లో రాహేలు అంకెలు బాగున్నాయని బుర్ర గమనించింది. మర్నాడు కూడా అక్కడికే పంపింది, ఆ మర్నాడూ అంతే. ఆరు వారాలు అలా గడిచాయి. రాహేలు పొద్దున్నే పరుగెత్తుకుంటూ పోయి నలభై నిమిషాలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేది. మస్తానమ్మ తన కాలవ అయిపోగానే పక్కింటి కాలవ పట్టింది. అక్కణ్ణించి అంగన్వాడీ ప్రహరీ వెంట మొక్కలకు పాదులు తీసింది. ఆ చివర ఉండేవాళ్ళంతా ఆకుపచ్చ పట్టీలవాళ్ళే. చూశారు, నోరు మెదపలేదు.

ఎవరి వాటా ఎంతయిందో చూపే వార్డు పలక మీద రాహేలు పేరు మొదటికొచ్చింది.

"ఏం తింటన్నావు రాహేలమ్మా?" అన్నాడు వీరబ్రహ్మం, పలక ముందు నిలబడి. "పరుగులో మూలుగుతావు, పార పడితే పొక్లెయిన్ అయిపోతావు."

"నిద్ర తింటన్నా అన్నా. నువ్వూ తిను, ఒంటికి పడతది."

ఏడో వారం నాడికంకణం గిల్లలేదు. ఎర్రబడింది. పరుగు ఆపి వార్డు వైద్యశాలకు రమ్మంది.

డాక్టరు షరీఫ్ యాభై దాటిన మనిషి. కళ్ళకింద సంచులు. తెర మీద రాహేలు గుండెచిట్టా పరిచి, వేలితో ఒక గీత చూపించాడు. ఒక్క తీరుగా నడుస్తున్న గీత ఉన్నట్టుండి తడబడుతోంది, ఒక మెట్టు వదిలేసి రెండు మెట్లు దూకినట్టు.

"శ్రమ పడినప్పుడు మాత్రమే తప్పుతోంది. మిగతా రోజంతా బాగుంది. శ్రమకు ఓర్చలేని గుండె అని బుర్ర తేల్చేసింది. నేను సంతకం పెట్టడమే మిగిలింది," అన్నాడు. తర్వాత, ఎందుకో, సొరుగులోంచి పాత గొట్టం తీసి చెవులకు తగిలించుకున్నాడు. "మెట్లు మూడుసార్లు ఎక్కి దిగి రామ్మా."

వచ్చింది. ఆయన చాలాసేపు విన్నాడు. గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ గుండె గీసిన గీత కాదమ్మా ఇది. ఎవరిది?"

రాహేలు నేల చూపులు చూసింది.

"మొహమాటపడకు. పేరు చెబితే ఆ మనిషికి పూర్తివిశ్రాంతి రాయాలి. కాపలామంచం వేస్తారు. గంటకో పరుగరి వచ్చి నీళ్ళు కూడా నోటికి అందిస్తాడు. మంచం దిగితే గంట మోగుద్ది. నీదే అన్నావనుకో, మాత్రలు నీ పేరున వస్తాయి, నువ్వు విశ్రాంతుల్లో పడతావు. గిడ్డంగిలో చలిగది లోపలికి రానివ్వరు, గేటు దగ్గర కుర్చీ ఇస్తారు. ఒకసారి రాస్తే చెరిపే అధికారం నాకు లేదు. ఏదీ చెప్పకపోతే..." ఆయన గీత వైపు చూశాడు. "ఏదో ఒక పూట ఆ మనిషి పార చేతిలో ఉండగానే పడిపోద్ది. సాయంత్రం నాలుగింటికి చిట్టా మూస్తాను."

రాహేలు నడుచుకుంటూ ఏడో వీధికి వెళ్ళింది. ఆ దారిలో ఆమె నడవడం అదే మొదటిసారి.

మస్తానమ్మ అంతా విని, వక్క నమలడం ఆపలేదు.

"నాకు తెలవదా? నా గుండె నా లోపలే గదా ఉంది."

"తెలిసీ పార పట్టావా? నా కంకణం చేతికుండగా పోతే నా గతేం కావాల?"

"నువ్వు చచ్చిపోయావని పలక మీద రాస్తారు. జట్టు జట్టంతా నీకోసం ఏడుస్తది. వీరబ్రహ్మం దండ తెస్తాడు. నువ్వు మాత్రం నా మంచం మీద గురకపెడతా ఉంటావు."

రాహేలుకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. ముసలామె అప్పుడు వక్క ఉమ్మేసింది.

"నా పేరు చెప్పబాక పిల్లా. మాత్రలు ఇస్తే మింగుతా. సగం పనే చేస్తా, ఒట్టు. ఆ మంచం మీద మాత్రం వెయ్యనియ్యబాక. నాలుగేళ్ళు నన్ను అటక మీద పెట్టారు. ఈ ఆరు వారాలే కిందికి దిగా."

నాలుగింటికి పది నిమిషాలుండగా రాహేలు డాక్టరు ముందు నిలబడి, "ఆ గుండె నాదేనయ్యా," అంది. ముసలామె మీద జాలితో అన్నదా, కుర్చీ అన్న మాట చెవుల్లో గింగురుమంటూ ఉండబట్టి అన్నదా, ఆమెకే తెలియదు. రెండూ ఉన్నాయి. ఏది బరువో తూచి చూసుకునే ఓపిక లేదు.

షరీఫ్ ఆమె ముఖంలోకి చూశాడు. "ఆలోచించుకున్నావా?"

"పదిహేనేళ్ళు నిలబడ్డానయ్యా. కూర్చోడం కూడా కష్టమేనా?"

ఆయన సంతకం పెట్టాడు. నర్సు నాడికంకణం తీసేసుకుని ఆకుపచ్చ పట్టీ వేసింది. అది టక్కున పడినప్పుడు రాహేలుకు ఏదో మర్చిపోయినట్టనిపించింది. అదేమిటో ఆలోచించలేదు. ఇంటికి పోయి, మూడు రోజులు లేచిందే లేదన్నట్టు నిద్రపోయింది.

నాలుగో రోజు పొద్దున్నే మెలకువ వచ్చేసింది. ఒళ్ళు తేలిగ్గా ఉంది. మోకాళ్ళు వాటంతటవే నిలబడ్డాయి. వాకిలి సగం ఊడ్చేసరికి పట్టీ కూసింది, అంతలోనే గడప ముందు ఇద్దరు పరుగరులు ప్రత్యక్షమయ్యారు. ఒకడు చీపురు అందుకున్నాడు, ఇంకొకడు బిందె.

"నువ్వు ఎత్తకూడదమ్మా. గుండె జాగ్రత్త," అన్నాడు, కాళ్ళు నిలకడ లేకుండా ఆడిస్తూనే.

ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాత్రల పొట్లం కొంగున కట్టుకుని, నాడి పెరగకుండా మెల్లగా, ఏడో వీధికి నడిచింది.

అక్కడ కాలవలో కొత్త పరుగరి ఎవరో బురద గోడల మీదికి చిమ్ముతున్నాడు. మస్తానమ్మ మాత్ర తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మింగింది. నాలుక బయటపెట్టి చూపించింది కూడా.

"మింగా. ఇయ్యాల సగమే చేస్తా, ఆ గట్టు వరకే. ఆ పిల్లోడు పోయినాక మొదలుపెడదాం. ఏదీ, పట్టీ ఇటియ్యి," అని తన చెయ్యి చాపి, రాహేలు చెయ్యి పట్టుకుంది.

పక్కపక్కన రెండు మణికట్లు. రెండిటికీ ఆకుపచ్చ పట్టీలే.

మస్తానమ్మ చెయ్యి వదల్లేదు. బొటనవేలితో రాహేలు పట్టీని ఒకసారి రుద్దింది, రంగు పోతుందేమో అన్నట్టు.

"ఇదెక్కడి పని చేశావే," అంది, కోపం లేకుండా.

"నీ పేరు చెప్పబాకన్నావు గదా పెద్దమ్మా."

"అన్నా. నేనూ ఇంతదూరం చూళ్ళా." ముసలామె మంచం మీద జరిగి చోటిచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పరుగరి పని చూశారు. అతను తవ్వినంత మేరా కాలవ ఎగుడుదిగుడుగా ఉంది. నీళ్ళు నిలిచిపోతాయి. ఇద్దరికీ తెలుస్తోంది. అతను వాటా పూర్తి కాగానే పార అక్కడే కాలవ గట్టున వదిలేసి, ఇంకో ఇంటికి పరుగెత్తాడు.

"నాకు డెబ్బై నాలుగు. ఎంత కూర్చున్నా ఇంకో పదేళ్ళు," అంది మస్తానమ్మ. "నీకు నలభై ఒకటే గదే పిల్లా. ఎన్నేళ్ళు కూర్చుంటావు?"

రాహేలు లెక్క వేయలేదు. లేచి కాలవ దగ్గరికి వెళ్ళింది. పార అందుకుని కాళ్ళు ఎడంగా పెట్టి దించింది. మట్టి మెత్తగా లేచింది. రెండోది. మూడోది. గుండె తన పని తాను చక్కగా చేసుకుపోతూ తొంభై దాటింది. ఆకుపచ్చ పట్టీ సన్నగా కూసింది. వీధి ఆ చివర మలుపులో ఇద్దరు పరుగరులు కనిపించారు, ఇటే వస్తున్నారు.

"వాళ్ళు ఆ కరెంటు స్తంభం దాకా వచ్చారు," అని మస్తానమ్మ మంచం మీద నుంచే కేకేసింది. రెండు పొలాల అవతలికి వినిపించేంత కేక. "ఇంకో నాలుగు పారలు పడతాయి! ఒంగు, నడుం ఒంచి ఎయ్యి!"