తళతళలాడే ఇంజన్

నెలలో మూడోసారి నా కారు బానెట్ ఎత్తి చూసి, మెకానిక్ ఇజుమి దాన్ని మెల్లగా దించేసింది.

"సకుమా గారూ, మీ బండికి ఏ జబ్బూ లేదు. ఇక్కడికి రావడం మీకే అలవాటైనట్టుంది."

నా చెవులు వేడెక్కాయి. బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని, పసుపు లైటు వెలుగుతోందని మళ్లీ చెప్పుకొచ్చాను. ఏదో సెన్సార్ సరిగా పనిచేయడం లేదని తనకూ తెలుసట. ఎందుకో మాత్రం అంతు చిక్కడం లేదట. నూనె కారుతుంటే జాడ కనబడాలి కదా, మీ ఇంజన్ చూస్తే అందులో అన్నం పెట్టుకు తినొచ్చు అంది. నాకు కోపం వచ్చింది. కోపంలోనూ ఆమె బుగ్గ మీది గ్రీజు మరక ముద్దుగానే కనిపించింది.

నేను మంగలిని. మా ఓకి దీవిలో కాలు కదపలేని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి క్షవరం చేస్తాను. కారు లేకపోతే నా పని లేదు. పని లేకపోతే ఓడెక్కి, సముద్రం అవతల మత్సుయె పట్నంలో అన్నయ్య క్షవరం షాపులో చేరాల్సిందే. ఈ సంగతి ఇజుమికీ చెప్పాను.

వారం తర్వాత, కొండ దారిలో, జోరువానలో కారు ఆగింది. ఇక కదల్లేదు. ఫోన్ చేస్తే ఇజుమి, ఆగిన కార్లను లాక్కెళ్లే బండి తీసుకుని వచ్చింది. మాటా మంతీ లేకుండా బానెట్ ఎత్తి, సెన్సార్‌కు తీగలు తగిలించే కనెక్టర్ లాగింది. నల్లటి నూనె ఆమె మణికట్టు మీదుగా కారింది.

"ఇన్నాళ్లూ ఇదెక్కడ దాక్కుంది?" అంది నావైపు తిరిగి.

నాకప్పుడు అర్థమైంది. షెడ్డుకు వచ్చే ముందు ప్రతిసారీ ఇంజన్ తుడిచానని ఒప్పుకున్నాను. కనెక్టర్లు కూడా విప్పి, దూదితో, జుట్టు దులిపే బ్రష్షుతో. మురికి వస్తువును ఒకరి చేతిలో పెట్టకూడదని మా అమ్మ నేర్పింది మరి.

ఇజుమి నా కారును తన బండికి కట్టి లాక్కెళ్లింది. షెడ్డు చేరాక చెప్పింది: నూనె వత్తిలో పాకినట్టు తీగల లోపల్లోపలే పాకుతుందట. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ దాకా పాకి ఉంటే ఈ కారు తుక్కుకిందే లెక్క, ఇంత పాత మోడల్ కంప్యూటర్ ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఆమె కంప్యూటర్ దగ్గరి చివరి కనెక్టర్ విప్పుతుంటే నేను చూడలేక తల తిప్పుకున్నాను.

"పొడిగా ఉంది," అంది.

పక్కనున్న పాత టైర్ల మీద కూర్చున్నాను. నూనె కారనిస్తున్న సీలు, సెన్సార్, నూనె పట్టిన తీగలు మారిస్తే చాలట. ఆ ధైర్యంలోనే నోరు జారింది.

"మొదటిసారి మర్యాదకి తుడిచాను. తర్వాత రెండుసార్లూ మీరు చూస్తారని తుడిచాను."

ఇజుమి గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకుంది. తుడిచిన వేళ్లనే మళ్లీ మళ్లీ తుడిచింది.

"ఆ కనెక్టర్ విప్పేటప్పుడు నా చేతులు వణికాయి. మీరు చూడలేదు."

"ఎందుకు వణికాయి?"

"అది తడిగా ఉంటే మీరు ఓడెక్కేవారు కదా."