పింగాణి ముక్కు ఎత్తులో

“కత్తెర ఇవ్వవే, తొందరగా!”

స్టూలెక్కి నిలబడ్డ మొండి కిందికి చెయ్యి చాపింది. కింద ఉన్న నేస్తం కళ్ళజోడు కత్తెర అందించింది. మేకల కొట్టంలో చెక్కకీ చెక్కకీ మధ్య మిగిలిన చివరి సందు మీద ప్లాస్టిక్ షీటు పరిచి, చుట్టూ టేపు అంటించేసింది మొండి.

మొండికి బడిలో వేరే పేరుంది. కానీ పట్టిన పట్టు వదలదని అమ్మ పిలిచే ఈ పేరే అందరి నోళ్ళలోనూ నానిపోయింది. పక్కింటి కళ్ళజోడుకి ఆ పేరెందుకు వచ్చిందో చెప్పక్కర్లేదు.

వాన ఎంతకీ తెరిపివ్వడం లేదు. ఈదురుగాలికి పెరట్లో మొండి పెంచుకుంటున్న మేకలు రెండూ వణికిపోతున్నాయి. తెల్లగా నిగనిగలాడేది పింగాణి. నల్లటిది బొగ్గు.

“ఇంక చూడు! గాలి లోపలికి రావాలంటే నన్నడిగి రావాల్సిందే,” అంది మొండి, స్టూలు దిగుతూ.

కళ్ళజోడు అటూ ఇటూ చూసింది. “మరి వీటికి ఊపిరాడుతుందంటావా?”

“నువ్వు ముసుగుతన్ని పడుకుంటే నీకు ఆడట్లేదూ?”

కళ్ళజోడు స్టూలు తీసి పక్కన పెట్టింది.

సాయంత్రం వ్యాన్ డ్యూటీ దిగి వచ్చిన నాన్న కూడా “మా ఇంజనీరమ్మ!” అని మెచ్చుకున్నాడు. ఆ మాటతో మొండికి ఇంకా పట్టుదల పెరిగింది. తలుపు ఎక్కువసేపు తీస్తే చలి జొరబడుతుందని కొట్టం ఊడవడం మానేసింది. కింద గడ్డి తడిస్తే దాని మీదే ఇంకొంచెం పొడిగడ్డి పరిచేది.

కొన్నాళ్ళకి బొగ్గు దగ్గింది.

‘ఎక్కడో ఇంకా గాలి దూరుతోంది,’ అనుకుంది మొండి. వెతికి వెతికి, తలుపు కింద సందులో పాత గోనెపట్టా కుక్కింది.

తర్వాత పింగాణి ఆకులు తినడం మానేసింది. ఒక మూల పడుకుని మెడ ముందుకు చాచేది. ముక్కు చివర పసుపుపచ్చగా చిక్కటి చీమిడి. చెవులు వాలిపోయాయి. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి.

బడి నుంచి వస్తూ కళ్ళజోడు కొట్టం తలుపు తీసి, చటుక్కున వెనక్కి తగ్గింది. “అబ్బ! ఏంటే ఈ కంపు? నా కళ్ళు మండుతున్నాయి.”

“మేకలన్నాక వాసన రాకుండా ఉంటుందా? ముందు తలుపు ముయ్యి.”

“కాదే, నిజంగా చెప్తున్నా, ఇక్కడ ఏదో...”

“నీకేం తెలుసే? మేకలు నీవా, నావా?”

కళ్ళజోడు ముఖం చిన్నబోయింది. పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయింది.

మొండి ఆగలేదు. నేరుగా అమ్మ దగ్గరికెళ్ళింది. అమ్మ మిషన్ మీద బట్టలు కుడుతోంది.

“అమ్మా, డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నా. పింగాణికి బాగాలేదు.”

“ఈ వానలోనా? నాన్న రానీ.”

“అంతదాకా అది ఆగదమ్మా. దాన్ని చూస్తే నీకే తెలుస్తుంది.”

అమ్మ కూతురి ముఖంలోకి చూసింది. మిషన్ ఆపి గొడుగు తెచ్చిచ్చింది.

పశువుల ఆసుపత్రి వీధి చివరే. వరండాలో ఒక కుక్కా, రెండు దూడలూ, వాటి మనుషులూ వరసగా ఉన్నారు. డాక్టరుగారు ఒక దూడ గిట్టకి కట్టు కడుతున్నారు. ఆవిడ తలెత్తకుండానే ప్రశ్నలు వేశారు. మేత తింటోందా? నెమరు వేస్తోందా? ముక్కు ఎలా కారుతోంది, నీళ్ళలాగానా, చిక్కగానా? అన్నిటికీ మొండి టకటకా చెప్పింది.

“బాగానే కనిపెట్టావే! వీళ్ళందరినీ చూశాక వస్తాను. మేకలుండే చోటు ఎలా ఉంది?”

“చాలా బాగుందండీ. గాలన్నది అస్సలు దూరదు. సందులన్నీ నేనే మూసేశాను.”

డాక్టరుగారి చెయ్యి ఆగింది. కట్టు ముడి వేసి లేచి, సంచి అందుకున్నారు. “పద. వీళ్ళు కాసేపు ఆగుతారు.”

కొట్టంలోకి వెళ్ళగానే డాక్టరుగారు తలుపు బార్లా తీసి రాయి అడ్డం పెట్టారు. పింగాణికి జ్వరం చూశారు. స్టెతస్కోపు దాని పక్కటెముకలకి ఆనించి, గొట్టాలు మొండి చెవుల్లో పెట్టారు. లోపల ఎవరో కాగితాలు నలుపుతున్నట్టు చప్పుడు.

“న్యుమోనియా. ఊపిరితిత్తుల జబ్బు. జ్వరం కూడా బాగా ఉంది. దగ్గుమందు లాంటిదేమన్నా నోట్లో పోశావా?”

“లేదండీ.”

“మంచిపని చేశావు. తల పైకెత్తి పోస్తే గుటక తప్పి అది కూడా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.” ఇంజెక్షన్ చేసి, మొండి వైపు తిరిగారు. “ఇప్పుడు ఇలా కూర్చో. పింగాణి ముక్కు ఎక్కడుందో నీ ముక్కు అక్కడ పెట్టు. గట్టిగా పీల్చు.”

మొండి మోకాళ్ళ మీద కూర్చుని వంగింది. పీల్చింది. అంతే. ముక్కులో కారం కొట్టినట్టయింది. కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు. దగ్గు మీద దగ్గు.

“నువ్వు నిలబడి చూశావు. అది పడుకుని పీలుస్తోంది. తడిసిన గడ్డిలోంచీ, మూత్రంలోంచీ వచ్చే ఘాటు అంతా ఆ ఎత్తులోనే ఉంటుంది. పైకి పోదామంటే దారి లేదు.”

మొండి పింగాణి మెడ మీద చెయ్యి వేసింది. “అయితే... దీనికి నేనే చేశానా?”

“చలి ఆపాలనుకున్నావు. గాలి సంగతి మర్చిపోయావు. ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది. ముందు పార పట్రా.”

మొండి ముక్కు తుడుచుకుంది. పార తెచ్చింది.

బొగ్గుకి కూడా మందు ఇచ్చి, దాన్ని ఇంటి వరండాలో విడిగా కట్టేశారు. అమ్మ పింగాణిని పొడిగా ఉన్న గోనెపట్టా మీదకి చేర్చింది. మొండి తడిగడ్డి ఎత్తి బయట పోసింది. పైన గడ్డి, కింద గడ్డి, దాని కింద నల్లటి బురద. చేతులు బొబ్బలెక్కినా పార వదల్లేదు. తర్వాత స్టూలెక్కి, తను అంటించిన టేపులు తనే చర్రున లాగేసింది. నాన్న వచ్చాక కప్పు కిందగా రెండు చెక్కలు ఊడబీకాడు. కింద, మేకలు పడుకునే ఎత్తులో మాత్రం వానజల్లూ ఈదురుగాలీ తగలకుండా చెక్కలు ఉంచాడు.

“ఇంజనీరమ్మా అని నేనే ఎగదోశాను,” అన్నాడు నాన్న సుత్తి దించి. “నాకూ తట్టలేదు తల్లీ.”

డాక్టరుగారు రోజూ వచ్చి ఇంజెక్షన్ చేసేవారు. జ్వరం తగ్గి పింగాణి లేచి నిలబడింది. “ఇంక మందు చాలేమోనే, పాపం సూది,” అంది అమ్మ. మొండి ఒప్పుకోలేదు. “డాక్టరుగారు చెప్పినన్ని రోజులూ పడాల్సిందే.” బడికి వెళ్ళే ముందూ, వచ్చాకా కొట్టంలో మోకాళ్ళ మీద వంగి వాసన చూసేది. గోరువెచ్చటి నీళ్ళు పెట్టేది. పింగాణి నీళ్ళు తాగేది కానీ, ఆకు మాత్రం ముట్టేది కాదు. లేత ఆకులు ఏరి తెచ్చి మూతి ముందు పెట్టినా మొహం తిప్పేసుకునేది.

ఆ రోజు బడి నుంచి వస్తూ మొండి పక్కింటి తలుపు కొట్టింది. కళ్ళజోడే తీసింది.

“ఏంటి?”

“మా కొట్టం వాసన చూసి పెడతావా?”

“అదేం పిలుపే! ఎవరైనా పేరంటానికి పిలుస్తారు, ఆటలకి పిలుస్తారు.”

“నాకు రోజూ చూసి చూసి అలవాటైపోయి తెలియట్లేదేమో. నీకు తెలుస్తుంది. మొన్న నీకే తెలిసింది. నేనే నీ మాట వినలేదు.”

కళ్ళజోడు కాసేపు బెట్టు చేద్దామనుకుంది కానీ, చెప్పుల్లో కాళ్ళు అప్పుడే పెట్టేసింది.

కొట్టంలో ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. కళ్ళజోడు కళ్ళు మూసుకుని, పెద్ద డాక్టరులా పీల్చింది. పింగాణి నెమ్మదిగా ఆమె దగ్గరికి జరిగింది. గౌను అంచు వాసన చూసింది. నోట్లో పెట్టుకుని నమలసాగింది.

“ఏయ్! ఏయ్! నా కొత్త గౌను!”

“తింటోందే! పింగాణి తింటోంది!” మొండి ఒక్క గెంతు గెంతి, లేత ఆకుల రెమ్మ తెచ్చి మూతి ముందు పెట్టింది. పింగాణి గౌను వదిలి ఆకు అందుకుంది. ఒకటి. ఇంకొకటి. మొండి ఆ నోరు కదలడమే చూస్తూ, కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయింది.

కళ్ళజోడు తడిసిన గౌను అంచు పిండుకుంటూ ఓ మూలకి చూపించింది. “అక్కడింకా ఘాటుంది. కింద తడిగా ఉన్నట్టుంది.”

‘పొద్దున్నే తీశాను కదా,’ అనబోయి మొండి నోరు మూసుకుంది. ఆ మూలకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని వంగింది. పీల్చింది.

లేచి పార అందుకుంది.