తుంగ మీద తగువు

కుసుమకుమారి గేటు తోసుకుని వచ్చేసరికి నాగవంశీ గ్రౌండులో గడ్డి కోయిస్తున్నాడు. ఆమె చేతిలో అతను రాసిన ఉత్తరం ఉంది.

"ఇది రాసింది మీరేనా?"

"నానే. మీరెవరు?"

"మీకు గడ్డి పంపిన శ్రీరామ్మూర్తి గారి అమ్మాయిని."

మద్దిలపాలెం దగ్గర ఒక స్కూలు ఫుట్‌బాల్ గ్రౌండుకి నాగవంశీ సూపర్‌వైజర్. రెండు నెలల కిందట ఎలమంచిలిలో శ్రీరామ్మూర్తి పెంచిన లాన్ గడ్డిని పెళ్లలుగా తెప్పించి పరిపించాడు. ఇప్పుడు దాంట్లోంచి వేరే ఏదో పొడుగ్గా లేస్తోంది. నాసిరకం గడ్డి అంటగట్టారని ప్రిన్సిపాల్‌కి రాశాడు. ఆయన ఆ ఉత్తరాన్ని శ్రీరామ్మూర్తికి పంపించాడు. ఆ మాట బయటికి పాకి, ఇంకో రెండు స్కూళ్లు శ్రీరామ్మూర్తిని వద్దన్నాయి. ఇటు చూస్తే వచ్చే నెలాఖరుకి ఆడపిల్లల మ్యాచ్‌లు. ఆలోగా గ్రౌండు బాగుపడకపోతే నాగవంశీ ఉద్యోగమూ ఉండదు.

ఆమె వంగి ఒక కాడ తెంపి అతని చేతిలో పెట్టింది. వేళ్ల మధ్య తిప్పి చూడమంది.

"మూడంచులు తగుల్తన్నాయా? గడ్డి కాడైతే ఇలాగుండదు. ఇది తుంగ. అది కూడా తెలీకుండా ఉత్తరాలు రాసేత్తన్నారు."

పనివాళ్లందరూ వింటున్నారు. నాగవంశీకి ఒళ్లు మండింది. తుంగో, మరోటో, వారం వారం మనుషుల్ని పెట్టి పీకిస్తూనే ఉన్నానన్నాడు.

దాంతో ఆమె కోపం రెట్టింపైంది. పార అందుకుని ఒక మొక్క చుట్టూ జానెడు లోతు తవ్వింది. మట్టి దులిపితే, దారానికి గుచ్చినట్టు నల్లటి గడ్డలు వేలాడాయి. పైన పీకితే గడ్డలు లోపలే ఉండిపోతాయనీ, ఒక్కొక్కటీ మళ్లీ మొలుస్తుందనీ చెప్పింది. "వారం వారం పీకించి మీరే పెంచారు. అసలిది మీరు నింపించిన మట్టిలోంచే వచ్చింది. మా గడ్డిని అంటే ఊరుకోను."

ప్రిన్సిపాల్ ఇద్దర్నీ పిలిచి, తప్పెవరిదో తర్వాత తేల్చుకోండి, ముందు గ్రౌండు బాగుచేయండి అన్నాడు.

అలా మొదలైంది. ఒత్తుగా ఉన్నచోట జానెడు లోతు తవ్వి, మట్టి జల్లించి గడ్డలు ఏరించారు. పలచగా ఉన్నచోట తుంగ ఒక్కదాన్నే చంపే మందు కొట్టించారు. అంతకుముందు నాగవంశీ దొరికిన మందేదో కొట్టిస్తే లాన్ కూడా మాడిపోయి పెద్ద మచ్చ పడింది. దాని పక్కనుంచి వెళ్లిన ప్రతిసారీ ఆమె ఆగి, ఒక చూపు చూసి మరీ వెళ్లేది.

ఎన్నాళ్లకి మళ్లీ కొట్టాలి, ఎంత లోతు తవ్వాలి, ఎవరి గొడుగు ఎవరు తీశారు, అన్నిటికీ తగువే. "మీ అరుపులకి దడిసిపోయి ఆ తుంగే సచ్చిపోద్దమ్మా," అంది మట్టి జల్లిస్తున్న అసిరమ్మ.

ఒకరోజు మందు కొట్టిన గంటకే వాన దంచేసింది. ఇద్దరూ పంపు షెడ్డులోకి పరిగెత్తారు. నాలుగ్గంటలైనా పొడిగా ఉండాలని చెప్పానా లేదా, ఫోన్లో వాతావరణం చూసుకోవద్దా అని ఆమె చెడామడా తిడుతోంది. కనుబొమ మీదనుంచి చినుకు జారినప్పుడల్లా చేత్తో తుడుచుకుని మళ్లీ అందుకుంటోంది. నాగవంశీ తిట్లు వినడం మానేసి తర్వాతి చినుకు కోసం చూస్తున్నాడు. అది తెలిసి అతనికి తనమీదే కోపం వచ్చింది.

నెల తిరిగేసరికి తుంగ చాలావరకు పోయింది. ఆ ఆదివారం కుసుమ ఎలమంచిలిలో తమ మడి చివరికంటా నడిచింది. కాలవ గట్టు పక్కన, లాన్ గడ్డి మధ్యలో, ఒక కాడ అనుమానంగా కనబడింది. తెంపి తిప్పింది. మూడంచులు.

తండ్రిని నిలదీసింది. పోయినేడు కాలవ పొంగి తుంగ వచ్చిందనీ, పీకేశాం కదా పోయిందనుకున్నాననీ, స్కూలుకి వెళ్లిన పెళ్లలు ఆ పక్కవేననీ శ్రీరామ్మూర్తి తలొంచుకుని చెప్పాడు. తను ఊరి మీద పడి తగువాడుతుంటే ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె తండ్రితో మాట్లాడడం మానేసింది.

మర్నాడు వచ్చి నాగవంశీకి చెప్పింది. అతని మొహం ఎర్రబడింది.

"నెల్రోజులు నన్ను తిట్టారు."

"తిట్టాను. తప్పు నాది. ఆ రోజున్న పనివాళ్లందర్నీ పిలవండి."

ఎందుకు, గ్రౌండు బాగైపోయింది కదా, బయటపెడితే మీ నాన్నగారి పేరు పోతుందన్నాడు. ఆమె కళ్లు నిప్పులయ్యాయి. "పదిమందిలో మిమ్మల్నన్నాను. పదిమందిలోనే సెప్తాను."

చెప్పింది. తల దించలేదు. ఆ మడి శుభ్రమయ్యేదాకా ఎవరికీ గడ్డి పంపబోమని ప్రిన్సిపాల్‌కి రాసిచ్చింది. నెల్రోజులుగా దాచుకున్న కోపమంతా ఆ సాయంత్రం నాగవంశీకి వెతికినా దొరకలేదు.

మ్యాచ్‌లు అయిన రోజు గోల్‌పోస్ట్ దగ్గర ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంకేటి తప్పు సేసాను?" అంది ఆమె.

"తప్పేం లేదు. నన్ను పెళ్లి సేసుకుంటారా?"

"అడగడానికి అంత కోపంగా మొహం పెట్టాలా?"

"కోపం కాదండి. భయం."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. "ఆదివారం మీ అమ్మగార్ని తీసుకుని రండి. మా నాన్నని మీరే అడగాలి. నాను ఆయనతో మాటాడి పన్నెండు రోజులైంది."

ఆదివారం ఎలమంచిలిలో నాగవంశీ అడిగాడు. పక్కన తల్లి సన్యాసమ్మ చీర చెంగు నలుపుకుంటూ కూర్చుంది. శ్రీరామ్మూర్తి వంటింటికేసి చూశాడు.

"నాకేం అభ్యంతరం లేదు బాబూ. నాతో ఓ మాట మాటాడమని దానికి సెప్తావా?"

నాగవంశీ నోరు తెరిచేలోపే వంటింట్లోంచి వినబడింది.

"టీలో పంచదార ఎంతెయ్యాలో అడుగు నాన్నా వాళ్లని."