పసుపు వాలుబాట

సున్నపుచీమలు వాలుబాటను మళ్లీ తినేశాయి. హనుమకొండ పాత ఆడపిల్లల బడి మెట్ల ముందు నిఖత్ మోకాళ్ల మీద కూర్చుని, మిగిలిన చెక్కపొట్టును వేళ్లతో తుడిచింది. నిన్న సాయంత్రమే మెట్ల మీద ఆమె అమర్చిన చెక్కబాట అది. మెట్లకు ఒక్క మేకు కొట్టలేదు, రాతికి గీత పడనివ్వలేదు, కావాలంటే ఎత్తి పక్కన పెట్టేయవచ్చు. అయినా గోళీకాయంత ఆ చీమయంత్రాలు గోడ పగుళ్లలోంచి పాక్కుంటూ వచ్చి పని కానిచ్చేశాయి. మహా శ్రద్ధ వాటికి!

"మూలపటంలో లేని వస్తువు. తొలగించాం," అంది ద్వారబంధంలోంచి పాతకాపు.

పాత కట్టడాలన్నింటి కాపలానూ పాతకాపు అనే ఈ యంత్రమేధకు అప్పగించి మనుషులు చేతులు దులుపుకున్నారు. అప్పటినుంచి ఒక్క పెచ్చు రాలింది లేదు, ఒక్క మార్పు జరిగిందీ లేదు.

మెట్ల కింద చక్రాల కుర్చీలో ఉజ్వల ఎదురుచూస్తోంది. బడికి వచ్చిన కొత్త సంగీతం టీచరు. ఇవాళ చివరి గంట కొట్టేలోపు తరగతి గదిలో ఆమె హాజరు పడకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"నలుగురం కలిసి ఎత్తుకపోతం," అంది నిఖత్.

"ఇయ్యాల ఎత్తుతరు. రేపెవరెత్తుతరు? నేనేమన్న బియ్యం బస్తానా మేడమ్?"

నిఖత్‌కు తల కొట్టేసినట్టయింది. పాతకాపు రాకముందు ఎన్నో పాత కట్టడాలు బాగుచేసిన తను, ఇప్పుడు ఒక్క మనిషిని లోపలికి పంపలేకపోతోంది.

పాతకాపు వదిలిపెట్టేది ఒక్కటే, జీవాచారం. మనుషులు ఇంకా పాటిస్తున్న ఆచారం జోలికి అది పోదు. ప్రతి శుక్రవారం ఈ బడి గడపకు పసుపు రాసి బొట్లు పెట్టే లచ్చవ్వ ఇక్కడ నమోదైన ఆచారధారి. ఆమె చేతులు చూసే పాతకాపు గడప మర్యాద నేర్చుకుంది. నిఖత్ గబగబా ఇంకో చెక్కబాట తెప్పించి, మెట్ల మీదుగా, గడప మీదుగా తలుపుల అంచుదాకా పరిచింది.

"దీనికి పసుపు రాయవా అవ్వా?" అని, పసుపు గిన్నెతో వచ్చిన లచ్చవ్వను అడిగింది.

"చెక్కకు పసుపేంది బిడ్డా? నవ్విపోతరు," అంటూనే లచ్చవ్వ రాసింది, బొట్లు పెట్టింది.

చీమలు బిలబిలా వచ్చాయి. పసుపు అంచు దగ్గర ఆగి, వెనక్కి తిరిగాయి.

"ఆగినయ్!" నిఖత్ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఉజ్వల చక్రాలు తిప్పుకుంటూ వచ్చింది. బాటకు చక్రం తగలబోతుండగా ఎదురుగా తలుపులు ధడాలున మూసుకున్నాయి.

"గడప తొక్కరాదు. దాటాలి," అంది పాతకాపు.

నిఖత్ నెత్తి కొట్టుకుంది. చిన్నప్పుడు పక్కింటి గడప మీద నిలబడి చీవాట్లు తిన్న మనిషే. యంత్రాన్ని బోల్తా కొట్టిస్తున్నానన్న సంబరంలో ఆ సంగతే మరిచిపోయింది. పసుపు రాయడంతో ఇప్పుడీ బాటే గడప అయిపోయింది. ఎక్కడానికి లేదు, తీసెయ్యడానికీ లేదు.

"పోనీ మేడమ్. మీ చేతనైంది మీరు చేసిన్రు," అని ఉజ్వల కుర్చీ వెనక్కి తిప్పుకుంది. నిఖత్‌కు ఏడుపొచ్చింది.

లచ్చవ్వ ద్వారబంధం వైపు చూసింది. "ఓ కాపూ, ఈడ ఆచారం ఎవరిది?"

"మీది, ఆచారధారీ. మీరు చేసేదే ఆచారం."

లచ్చవ్వ వంగి పసుపును తాకి కళ్లకద్దుకుంది. "తల్లీ, మన్నించు," అని గొణిగింది. పుట్టి బుద్ధెరిగాక ఏ గడప మీదా ఆమె కాలు పెట్టలేదు. నిండు గర్భిణిగా ఉన్నప్పుడు కూడా ఆయాసపడుతూ దాటిందే తప్ప తొక్కలేదు. ఇప్పుడు చెప్పులు విప్పి, పాదాన్ని పసుపు మీద మోపింది. నడిచి తలుపుల దాకా వెళ్లింది.

"ఇయ్యాల్టి సంది ఇదే మా ఆచారం. రాసుకో."

ఎన్నడూ జవాబుకు తడుముకోని పాతకాపు ఇప్పుడు తడబడింది. "ఆచారధారి ఆచారాన్ని అతిక్రమించారు. అతిక్రమణ ఆచారంగా..." అని ఆగి, మళ్లీ అదే మాట మొదలుపెట్టింది. తలుపులు కొంచెం తెరుచుకుని, మూసుకోబోయి, చివరికి బార్లా తెరుచుకున్నాయి.

"రా బిడ్డా," అంది లచ్చవ్వ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఉజ్వల ఎక్కింది. చక్రాలకంటిన పసుపు వసారా నాపరాళ్ల మీద తరగతి దాకా జంట గీతలు గీసింది. చీమలు బయటికి వచ్చి, వాటిని తుడవాలో కాపాడాలో తెలియక, గీతల పక్కనే నిలబడిపోయాయి.