గంప కింద కోడి

బంతి మళ్లీ కాలి కింద నుంచి జారిపోయింది.

తార విసుగ్గా దాని వెంట నడిచి, పట్టుకుని వచ్చింది. వాళ్ల నాన్న మస్కట్ నుంచి పంపిన బంతి అది. రేపు సాయంత్రం బడిలో సెలక్షన్. కొత్తగా వచ్చిన పీఈటీ సారు బాబురావు మొదటిసారి ఆడపిల్లల ఫుట్‌బాల్ టీం కడుతున్నాడు.

ఇంటి దగ్గర ఏం చేయాలో సారు చెప్పాడు. బంతిని గోడకు మెల్లగా తన్నాలి. తిరిగి వచ్చినప్పుడు అరికాలితో ఆపాలి. తర్వాత రెండు కాళ్ల మధ్య చిన్నగా తడుతూ నడిపించాలి.

"గట్టిగ తన్నుడు గాడిదకు గూడ వస్తది. బంతి మీ మాట వినాలె. ముందు గది నేర్సుకోండ్రి," అన్నాడు.

అమ్మ అంజవ్వ బీడీల గంప నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు బయలుదేరింది. వాకిట్లో ఆగింది.

"తారా, జర పైలం. పసుపు దిక్కు పోకు బిడ్డా. మనం కిరాయికి ఉండెటోళ్లం."

"సరేనే అమ్మా."

గల్లీ మలుపు దాకా వెళ్లి అమ్మ మళ్లీ వెనక్కి తిరిగింది. "ఇన్నవా?"

"ఇన్ననే, నువ్వు పో!"

ఇల్లు లసుమవ్వది. వాకిట్లో సగం ఆమె పసుపే. ఉడికించి, ఎండబెట్టి, మెరిసేదాకా రుద్దిన పసుపు. వేళ్లలా పొడుగ్గా ఉన్న కొమ్ములు ఒక కుప్ప. వాటిని కాడి అంటారు. గుండ్రటి తల్లి దుంపలు ఇంకో కుప్ప. అవి గోళ. రెండు కుప్పల మధ్య ఒక మనిషి నడిచేంత సందు ఉంది.

తార కాసేపు సారు చెప్పినట్టే ఆడింది. తన్నింది, ఆపింది. తన్నింది, ఆపింది.

'ఇంత మెల్లగా ఆడితే టీంలోకి ఎవరు తీసుకుంటారు?' అనుకుంది.

నాలుగు అడుగులు వెనక్కి వేసి, పరుగెత్తుకొచ్చి, ఉన్న బలమంతా పెట్టి తన్నింది. బంతి గోడ అంచుకు తగిలి పక్కకు ఎగిరింది. నేరుగా కాడి కుప్ప మీద పడింది.

గలగలా గలగలా!

ఎండిన పసుపు గులకరాళ్లలా చప్పుడు చేస్తూ జారింది. కాడి వెళ్లి గోళలో కలిసింది. గోళ దొర్లి కాడిలోకి వచ్చింది.

"ఏం సప్పుడే పోరీ?" లోపలి నుంచి లసుమవ్వ అడిగింది.

ఆమె కళ్లకు పొర వచ్చింది. మసక మసకగా తప్ప కనబడదు. ఆ సంగతి తెలిసినా తార బంతిని వీపు వెనక దాచుకుంది.

"కోడి, అవ్వా! పసుపు మీదికి ఎక్కింది."

"దీని కాళ్లిరగ! పొద్దుగాల గింజలు ఏసిన గద!"

లసుమవ్వ తడుముకుంటూ బయటకు వచ్చి, పిడికెడు నూకలు చల్లి "బా బా బా" అని పిలిచింది. గోడ అవతల ఎక్కడో ఉన్న కోడి నమ్మి పరుగెత్తుకొచ్చింది. లసుమవ్వ దాన్ని పట్టుకుని గంప కింద మూసి, పైన రాయి పెట్టింది.

"రేపు పసుపు బండి మార్కెట్‌కు పొయ్యేదాంక గీన్నే ఉండు. దొంగ మొఖందానా!"

ఆమె లోపలికి వెళ్లగానే తార గబగబా పసుపును రెండు పక్కలకూ నెట్టేసింది. సందు మళ్లీ కనబడింది. కానీ కాడి కుప్పలో అక్కడక్కడా గుండ్రటి దుంపలు మిగిలాయి.

'అన్నీ పసుపే కదా,' అనుకుంది.

అమ్మ తిరిగి వచ్చి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. లసుమవ్వ గడప మీద కూర్చుంది. ఆ రోజు ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఒక్క గోళ గూడ కాడిల లేదు అంజవ్వా. తడిమి తడిమి ఏరిన. కండ్లు పోతె ఏమాయె, చేతులున్నయి గద!"

"మస్తు కష్టపడ్డవు అవ్వా."

"రేపు మార్కెట్ల సేటు కుప్పల చెయ్యి పెడతడు. చేతికి గోళ వచ్చిందో, కుప్ప కుప్పంత కల్తీ అంటడు. మా మరిది లక్ష్మీనర్సయ్య ఏమన్నడో ఎరుకేనా? కనవడనిదానివి నీకెందుకొదినే, నా పసుపుల కలుపు అన్నడు. నేను కలుపలే. నాది నేనే అమ్ముకుంట అన్న."

గంప కింద నుంచి కోడి 'క్కో... క్కో' అంది. దాని నీళ్ల మూకుడు గంపకు అవతల ఉంది.

తార బంతి మీద కాలు పెట్టి నిలబడింది. బంతి కదల్లేదు. తారా కదల్లేదు.

అమ్మ చేయి చాపి తార నుదురు తాకి చూసింది. "జెరమొచ్చిందా? కడుపు నొస్తుందా? గట్లున్నవేంది?"

"ఏం లేదే."

కోడి మళ్లీ అంది, ఈసారి ఇంకా మెల్లగా.

తార వెళ్లి రాయి తీసి గంప ఎత్తింది. కోడి క్షణం అలాగే నిలబడి, రెక్కలు విదిల్చుకుని నీళ్ల దగ్గరికి ఉరికింది.

"ఎవలే, కోడిని ఇడిసింది?" లసుమవ్వ గట్టిగా అడిగింది.

"నేనే అవ్వా. పసుపు మీద ఎక్కింది కోడి గాదు. నా బంతి వడ్డది. గోళ కాడిల కలిసింది. నేనే కుప్ప జేసి ఊకున్న."

అమ్మ చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది. "అయ్యో తారా! ఎంత పని జేస్తివే..."

లసుమవ్వ లేచి, కుప్ప దగ్గరికి వెళ్లి కూర్చుంది. లోపలికి చేయి పెట్టింది. చేతికి గోళ వచ్చింది. దాన్ని వేళ్లతో తిప్పి తిప్పి చూసింది.

"ఏ పాపం ఎరుగని కోడిని ఎన్ని తిట్లు తిట్టిచ్చినవే పోరీ!" అంది. "దా, కూసో. పొద్దు గూకకముందే ఏరాలె."

తార కూర్చుని ఒక గోళను పట్టి లాగింది. పైనున్న కొమ్ములన్నీ జారాయి.

"గుంజకు! మెల్లగ. పక్కదానికి ఎరుక గావద్దు. గట్ల తియ్యాలె."

తార మెల్లగా తీసింది. ఈసారి కుప్ప కదల్లేదు. అమ్మ కూడా చాట పక్కన పెట్టి వచ్చింది. ముగ్గురూ దీపాలు పెట్టే వేళ దాకా ఏరారు. తార ఆ రోజు మళ్లీ బంతి ముట్టలేదు.

పొద్దున్నే బండి వచ్చింది. బస్తాలు ఎక్కించారు. లసుమవ్వ ఉతికిన చీర కట్టుకుని, సంచీ పట్టుకుని గడప దగ్గర నిలబడింది. బండి తోలే కాశీరాం ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు.

వాకిట్లో విరిగిన గోళలు కొన్ని మిగిలాయి. తార వాటిని దూరం దూరంగా వరుసలో పేర్చింది. బంతిని కాళ్ల మధ్య తడుతూ, ఒక్కో గోళను చుట్టి నడిపించసాగింది.

లసుమవ్వ చెవి ఇటు తిప్పింది.

"ఏం జేస్తున్నవే పోరీ? మల్ల బంతేనా?"

"అవునవ్వా. గోళల నడుమ ఆడుతున్న."

"మరి గలగల ఇనవడతలేదు?"

తార చివరి గోళను కూడా దాటించి, అరికాలితో బంతిని ఆపింది.

"ఇనవడదు అవ్వా."

బంతి పక్కనే కోడి నూకలు ఏరుకుంటోంది. బెదిరి పక్కకు కూడా జరగలేదు.