గడప బయట బూట్లు

రాయి జారింది!

ఎస్సై శివకుమారి మోకాళ్ళ మీద పడింది. ప్యాంటు చిరిగింది. చేతిలో రివాల్వర్ మాత్రం వదల్లేదు.

సాయంత్రం ఏడుంబావు. ఓర్వకల్లు రాళ్ళ మధ్య అప్పుడే చీకటి చిక్కబడింది. ముందు నల్ల గొంగడి ఒకటి పరిగెడుతోంది. ముఖానికి మసి రంగు మాస్క్.

"నిలబడ్రా! కాలుస్తా!"

నిలబడలేదు. కాల్చింది!

తూటా రాయికి తగిలి నిప్పురవ్వ లేచింది. గొంగడి ఆగలేదు.

ఐదు తూటాలు అయిపోయాయి. ఇంక ఒక్కటే మిగిలింది.

ఆ వేషం కర్నూలు నుంచి కడప దాకా అందరికీ తెలుసు. 'మసిమనిషి'. కోర్టు వదిలేసినవాళ్ళను చీకట్లో వెతికి చంపే సూపర్ హీరో. పెద్దలకు మాత్రమే అని రాసి మరీ వదిలిన సీరీస్. అలా రాస్తే పిల్లలు చూడక మానతారా!

చూస్తే చూశారు. ఎవడో ఆ గొంగడి కప్పుకొని నిజంగానే మొదలుపెట్టాడు. రెండు నెలల్లో ఇద్దరు చచ్చారు. ఇద్దరూ కేసు కొట్టేయించుకుని బయటికొచ్చినవాళ్ళే. జనం చప్పట్లు కొట్టారు. శివకుమారికి శవాలకంటే ఆ చప్పట్లంటేనే ఎక్కువ భయం వేసింది.

ఈ మధ్యాహ్నం మూడో మనిషిని ఎత్తుకుపోయాడు. పద్మశ్రీ. కడప పిల్ల. ఆ సీరీస్ రాస్తున్నది ఆమే. ఇక్కడే, ఈ రాళ్ళ దగ్గరే షూటింగ్ జరుగుతుంటే మాయం చేశాడు.

ఆమె ఎవరికీ ఏ అన్యాయమూ చేయలేదు. ఆమె బతికుండాలి... శివకుమారికి ఈ సాయంత్రం అదొక్కటే కావాలి.

"మేడం... ఆగండి మేడం!"

వెనక కానిస్టేబుల్ మద్దిలేటి. రొప్పుతున్నాడు.

"సీఐ సారు ఫోన్ ఎత్తినాడా?"

"మోగతాండాది మేడం. ఎత్తల్యా."

సీఐ సోమశేఖర్ హైవే మీద బండ్లు ఆపి వెతుకుతానన్నారు. ఆ సీరీస్‌లో పోలీసు సీన్లు చదివి తప్పులు దిద్దేది కూడా ఆయనే. 'కమలాపురం రైతుబిడ్డను. నాతో సినిమాలు రాయిస్తాండారమ్మా' అని తెగ మురిసిపోయేవారు.

"మళ్ళీ చెయ్యి. చేస్తానే ఉండు!"

శివకుమారి లేచింది. గొంగడి కనబడలేదు. ఎటు పోయాడు? కుడివైపు బండలు. ఎడమవైపు వాగు. కింద దూరంగా ఒక కొట్టం... సందుల్లోంచి సన్నగా వెలుతురు!

చప్పుడు చేయకుండా దిగింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల రెండు మగ్గాలు. నూలు వాసన, గంజి వాసన. ఆమె పుట్టిన ఇంటి వాసన.

ఎమ్మిగనూరులో నేసేవాళ్ళ ఇంట్లో పుట్టింది శివకుమారి. ఆలోచించలేదు. కాళ్ళు వాటంతట అవే బూట్లు వదిలేశాయి.

అప్పుడు చూసింది.

గడప పక్కన ఇంకో జత! నల్ల బూట్లు. మసిమనిషి బూట్లు. జిప్పులు తీసి, గోడవారగా సర్ది పెట్టి ఉన్నాయి.

రివాల్వర్ ఎత్తింది.

తలుపు తన్నింది!

స్టూలు మీద పద్మశ్రీ. నోట్లో గుడ్డ. మెడకు ఉరి. తాడు పైన దూలానికి కట్టి ఉంది. పక్కనే గొంగడి మనిషి, చేతిలో పిస్టల్!

అతను కాల్చలేదు. కాలితో స్టూలు తన్నాడు. వెనక తడికను భుజంతో బద్దలుకొట్టుకుని బయటికి దూకాడు.

వాణ్ణి కాల్చాలా? ఈ పిల్లను పట్టుకోవాలా?

పద్మశ్రీ కాళ్ళు గాల్లో కొట్టుకుంటున్నాయి.

శివకుమారి రివాల్వర్ నడుముకు దోపుకుంది. ఆ కాళ్ళను వాటేసుకుని పైకి ఎత్తింది. పాదంతో స్టూలును లాగింది. జారింది... మళ్ళీ లాగింది... నిలబడింది!

పద్మశ్రీ పాదాలు స్టూలుకు ఆనాయి. మగ్గానికి కత్తెర ఎక్కడ వేలాడుతుందో శివకుమారికి చూడకుండానే తెలుసు. తాడు తెగింది. నోట్లో గుడ్డ లాగేసింది.

"అక్కా... అక్కా..." పద్మశ్రీ దగ్గుతోంది, ఏడుస్తోంది.

"ఏం కాల్యా. నేనుండా కదా. మొగం చూసినావా?"

"లేదక్కా. మాస్క్ తియ్యల్యా. కడాపటి ఎపిసోడ్ మార్చి రాయమన్యాడు. అందులో హీరో మాస్క్ తీసేసి పోలీసులకు లొంగిపోతాడు. నేను మార్చనన్యా. 'మసిమనిషి లొంగిపోడు' అని చెవి కాడ నిదానంగా అన్యాడక్కా..."

మద్దిలేటి లోపలికి వచ్చాడు. బూట్లతో!

"బూట్లు బయట ఇడ్సు!" శివకుమారి అరిచింది.

అతను బిత్తరపోయి, బూట్లతోనే గడప బయటికి వెనక్కి తగ్గాడు. "ఏంటికి మేడం?"

ఏంటికంటే... ఏం చెబుతుంది? ఇది ఎవరూ చెప్పేది కాదు. మగ్గాల ఇంట్లో పుట్టినవాడికి తెలుస్తుంది. పుట్టనివాడికి తెలియదు.

అంటే వాడు కూడా...

ఆడపిల్లను ఉరి తీయడానికి వచ్చినవాడు మగ్గానికి మైల తగలకూడదనుకున్నాడు! వాడి భక్తి తగలబడ!

శివకుమారి బయటి నల్ల బూట్లను తెచ్చి మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంతలో దాచింది.

"ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు మద్దిలేటీ. సీఐ సారు దొరికినాడా?"

"ఇప్పుడే ఎత్తినాడు మేడం. వస్తాండానన్యాడు."

పావుగంటకు జీపు వచ్చింది. హెడ్‌లైట్ల వెలుగు తడికల్లోంచి లోపల పడింది. సోమశేఖర్ దిగారు. యూనిఫాం నలగలేదు. నడకే కొంచెం తేడాగా ఉంది.

"దొరికిందా పాప? శానా మంచి పని చేసినావు శివకుమారీ. వాడు యాడికి పోయినాడు?"

"తెలీదు సార్. రాండి లోపలికి."

గడప దగ్గరికి వచ్చారు. అక్కడ శివకుమారి బూట్లు మాత్రమే ఉన్నాయి. లోపలున్న మగ్గం వైపు చూశారు.

ఆగారు.

వంగారు. కుడికాలి లేసు విప్పారు. బూటు తీసి గోడవారగా పెట్టారు.

తెల్ల సాక్సు... ఎర్రగా తడిసి ఉంది! అరికాలి దగ్గర పల్లేరుకాయ ఒకటి ఇంకా గుచ్చుకునే ఉంది.

శివకుమారి నడుముకున్న రివాల్వర్ తీసింది. ఈయన దగ్గరే ఆమె పని నేర్చుకుంది. ఈయన్ని తండ్రిలా చూసుకుంది.

"మీరు రైతుబిడ్డ కదా సార్?"

ఎడమకాలి లేసు మీద వేళ్ళు ఆగిపోయాయి.

"మగ్గం చూసి బూట్లు ఇడిసే రైతును నేను యాడా చూడల్యా సార్."

సోమశేఖర్ తల ఎత్తలేదు. నవ్వారు. అలసిపోయిన నవ్వు.

"మాయమ్మ కొట్టి నేర్పిచ్చిందమ్మా. ఊరు మార్చినా, కులం దాచినా... ఇది పోల్యా."

"చేతులు పైకెత్తండి సార్. నాకు కాల్చాలని లేదు."

"కోర్టుకు పంపిస్తావా నన్ను? అందరినీ ఇడిసిపెట్టే ఆ కోర్టుకేనా?" ఆయన గొంతు నెమ్మదిగా దిగింది. "మసిమనిషి లొంగిపోడు."

పద్మశ్రీ కేక పెట్టింది. "ఆ గొంతే! ఆ గొంతే అక్కా!"

ఆయన చెయ్యి నడుము దగ్గరికి పోయింది. పిస్టల్ బయటికి వచ్చింది. గురి శివకుమారి మీద కాదు. ఆమె వెనకనున్న పద్మశ్రీ మీద!

ఒక్కటే తూటా...

ఢాం!

సోమశేఖర్ వెనక్కి, గడప బయటికి పడిపోయారు. ఎడమకాలికి బూటు అలాగే ఉంది.