ఆంతోన్ లిసార్దో ఇసుకలో చెలమ

ఏజెంట్ పదకొండు శవం మెక్సికోలో వెరాక్రూజ్ రేవు దగ్గర తేలింది. గొంతు కోసి ఉంది. ఆ కబురుతో మద్రాసు నుంచి దిగిన వరప్రసాదం మార్కాపురం ట్రావెలర్స్ బంగళాలో తలుపులు బిగించి కూర్చున్నాడు. పైకి అడవుల సర్వే ఆఫీసరు, అసలు హోదా సీక్రెట్ బ్రాంచి చీఫ్. ఎదురుగా నిలబడ్డవాడు ఏజెంట్ పన్నెండు, మాలకొండయ్య. అది 1942 వేసవి.

"వెరాక్రూజ్ చుట్టూ బీచ్‌లు బోలెడు," అన్నాడు చీఫ్. "ఏదో ఒక బీచ్ నుంచి పొద్దుటి ఎండలో అద్దం మెరిపించి జర్మన్ సబ్‌మెరైన్‌కు సిగ్నలిస్తున్నారు. మూడు మెరుపులు. ఆ వెంటనే మన ఓడ మునుగుతోంది. ఆ బీచ్ కనుక్కో. అద్దం పగలగొట్టు."

"టైమెంత సార్?"

"దసరా లోపల. అప్పుడు వెరాక్రూజ్ నుంచి 'సెయింట్ బ్రెండన్' అనే ఓడ బయల్దేరుతుంది." వరప్రసాదం సిగరెట్ నలిపేశాడు. "అందులో బొగ్గేసే వాళ్లలో మీ చెన్నకేశవులు కూడా ఉన్నాడయ్యా."

మాలకొండయ్య ఒకడుగు ముందుకేశాడు. నాయన పోయినాక ఆ తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది తనే.

"నేను పోతా సార్," అన్నాడు. "ఇంకెవుర్నీ పంపబాకండి."

మార్కాపురం ఎండకు మాడిన ఒళ్లు మెక్సికోలో అక్కరకొచ్చింది. తలమీద గడ్డి టోపీ, భుజాన కొబ్బరికాయల గంప, జేబులో ఒకే ఒక్క తూటా పేల్చే ఫౌంటెన్ పెన్ను. ఒక్కో బీచ్ గాలించడం మొదలుపెట్టాడు. మొకాంబోలో ఇసుక కనపడనంత జనం. వేయించిన చేపల వాసన, గిటార్లు, ఈతకొచ్చిన సంసారాలు. అక్కడ అద్దం తీస్తే పదిమంది మొహం చూసుకోను వస్తారు. బోకా దెల్ రియోలో నది సముద్రంలో కలిసేచోట వలలు ఆరబెట్టే బెస్తవాళ్ల కళ్లు పడని మూల లేదు.

అక్కడే డోలోరెస్ కలిసింది. హోటల్లో పాటలు పాడే మనిషి, బ్రాంచికి లోకల్ కాంటాక్ట్. పచ్చ పట్టు గౌను, మతి పోగొట్టే నవ్వు.

"కాయలు తీపేనా?" అంది ఇంగ్లీషులో.

"ఉప్పుగాలి తగిలింది, చెప్పలేను." కోడ్ సరిపోయింది.

"నువ్వు వెతికేది ఆంతోన్ లిసార్దో బీచ్. రేపు పొద్దున చూపిస్తాను."

నమ్మాడు. తమ్ముడి ఓడ మర్నాడే బయల్దేరుతుంటే నమ్మక చస్తాడా?

ఆంతోన్ లిసార్దోలో నరమానవుడు లేడు. ఇసుకదిబ్బలు, నాలుగు కొబ్బరిచెట్లు, ఎదురుగా సముద్రం. దిబ్బ దాటగానే వీపుకు పిస్టల్ తగిలింది. పట్టుకున్నవాడు క్రామర్ అనే జర్మన్, దున్నపోతంత మనిషి.

"పెన్ను కుడిజేబులో ఉంది," అంది డోలోరెస్. తనే తీసి సముద్రంలోకి విసిరేసింది. "పదకొండో వాణ్ణి కోసింది నేనే. గౌను పాడైంది. అందుకే ఈసారి పని క్రామర్‌కు అప్పగించాను."

క్రామర్ పిస్టల్ మడమతో మూతిమీద కొట్టాడు. రెండు పళ్లు రాలాయి. చేతికి పార విసిరి, "తవ్వు. లోతుగా," అన్నాడు. పైపైన పూడిస్తే కుక్కలు లాగుతాయని వాళ్ల భయం.

దూరంగా రేవు వైపు పొగ లేచింది. సెయింట్ బ్రెండన్ బయల్దేరింది. డోలోరెస్ అద్దం తీసుకుని దిబ్బెక్కింది.

మాలకొండయ్య నెత్తురు ఉమ్మేసి తవ్వసాగాడు. వేసవిలో గుండ్లకమ్మ ఏరు ఎండితే, ఇసుకలో చెలమలు తవ్వి బిందెలు నింపే ఊరు వాళ్లది. తడి తగిలేదాకా తవ్వాలి, తగిలాక గట్టును వాలుగా చెక్కాలి. చెక్కకుండా అడుగు తొలిస్తే గట్టు విరుచుకుపడుతుంది. చెలమ అంచున నిలబడ్డ పిల్లల్ని తల్లులు వీపు చిట్లగొట్టేది అందుకే. క్రామర్ వీపు చిట్లగొట్టిన వాళ్లెవరూ లేరు. పిస్టల్ గురిపెట్టి సరిగ్గా అంచునే నిలబడ్డాడు.

నడుం లోతులో తడి తగిలింది. మాలకొండయ్య వంగి, క్రామర్ కాళ్లకింద అడుగు తొలిచాడు.

దిబ్బమీద అద్దం మెరిసింది. ఒకటి.

గట్టు కూలింది. క్రామర్ ఇసుకతోసహా వచ్చి మీదపడ్డాడు. పిస్టల్ పేలి తూటా మాలకొండయ్య చెవి తమ్మెను ఎగరగొట్టింది. క్రామర్ బొటనవేలు కంట్లో గుచ్చాడు. మాలకొండయ్య ఆ చెయ్యి కిందికి లాగి వేలు ఎముక తగిలేదాకా కొరికాడు. పార అడ్డం తిప్పి మెడమీద వేశాడు. మళ్లీ వేశాడు. మూడో దెబ్బకు జర్మన్ కదలడం మానేశాడు.

రెండో మెరుపు మెరిసింది. తూటా చప్పుడు విని, గుంటలో పని అయిపోయిందనుకుంది డోలోరెస్.

పిస్టల్ కూరుకుపోయింది. రెండు చేతులా కెలికి లాగాడు. గురిచూసి నొక్కితే పేలలేదు, నిండా ఇసుక. చొక్కాకేసి తుడిచి, విదిలించి, పిస్టల్ పైభాగం వెనక్కి లాగి ఇంకో తూటా ఎక్కించాడు. డోలోరెస్ మూడోసారి అద్దమెత్తింది.

ఈసారి పేలింది. అద్దం ముక్కలైంది. దాని వెనకున్న గుండెలోంచి తూటా బయటికి పోయింది. ఆ పచ్చ గౌను కూడా పాడైంది.

సముద్రంలో పెరిస్కోప్ కాసేపు తిరిగి, ఎటూ తోచక మునిగిపోయింది. సెయింట్ బ్రెండన్ పొగ కక్కుకుంటూ ఎదురుగా దాటిపోయింది. పిలవకూడదు. చెయ్యెత్తకూడదు. ఏజెంట్ పన్నెండు ఆ గుంటలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

యుద్ధమయ్యాక ఇంట్లో భోజనాల దగ్గర చెన్నకేశవులు సముద్రాల కథలు చెప్పాడు. తల్లి యల్లమ్మ కళ్లప్పగించి విన్నది.

"మెక్సికోలో బొగ్గు గదిలోంచి పైకొచ్చి చూస్తి నాయనా, ఏం బీచీలనుకున్నావు," అన్నాడు అన్నతో. "నువ్వు మద్రాసులో కుర్చీకి అంటుకుపోతివి. ఆ చెవికేమైందిన్నా?"

"ఫ్యాను తగిలింది," అన్నాడు మాలకొండయ్య.

"చూస్తివా మా, గుమాస్తా పనిలో కూడా ఎంత డేంజరుందో," అని తమ్ముడు పగలబడి నవ్వాడు. అన్న ఆ నవ్వు చూస్తూ ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు.